నాలుక మీద సత్ప్రసాదం తీసుకోవడం తప్పా? మా అమ్మకి ఏం చెప్పాలి?

లూర్దు_అమ్మాయి
మాది గుంటూరు వైపు ఒక విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే కథోలిక గుడి పరిధి). పేరు చెప్పను. ఫాదర్ గారిని బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు. మా అమ్మకి 74 ఏళ్లు. మొదటి సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం) నాటి నుంచి మోకరించి నాలుక మీదే తీసుకుంది. కరోనా అప్పుడు అందరితో పాటు చెయ్యి చాపింది. అప్పుడు అందరం భయంలో ఉన్నాం, దాన్ని తప్పుపట్టను. కానీ కరోనా పోయి ఏళ్లయింది కదా. పోయిన ఆదివారం అమ్మ పాత అలవాటు ప్రకారం మోకరించి నోరు తెరిచింది. "లేవండమ్మా, చెయ్యి పట్టండి, వెనక లైన్ ఆగిపోతోంది" అన్నారు ఫాదర్ గారు. అమ్మ నా భుజం పట్టుకుని లేచింది. చెయ్యి మాత్రం పట్టలేదు. సత్ప్రసాదం తీసుకోకుండానే బెంచీలోకి వచ్చేసింది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు. "పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసే కదే వెళ్ళాను, నేనేం తప్పు చేశాను" అని ఒకటే మాట.

శ్రీసభ (కథోలిక సంఘం) నియమం ఏంటో తెలిసినవాళ్ళు చెప్పండి. నాలుక మీద తీసుకోవడం రద్దయిందా? రద్దయితే అమ్మకి నచ్చజెప్పుకుంటాను. లేకపోతే ఫాదర్ గారితో మాట్లాడాలి, ఎలా మాట్లాడాలో అదీ చెప్పండి.

ఉపదేశి_మనవడు
అమ్మగారు ఏ తప్పూ చేయలేదని ముందు ఆమెకి చెప్పండి. మిగతావి తర్వాత.

నాలుక మీద తీసుకోవడం రద్దు కాలేదు. 2004 మార్చి 25న రోము నుంచి వచ్చిన రెదెంప్సియోనిస్ సాక్రమెంతుమ్ అనే ఆదేశ పత్రంలో 92వ పేరా చూడండి. నాలుక మీద స్వీకరించే హక్కు ప్రతి విశ్వాసికీ ఎప్పుడూ ఉంటుందని ఉంది. దానికి ముందు 91వ పేరా ఇంకా సూటిగా ఉంటుంది: మోకరించారనో నిలబడ్డారనో ఆ ఒక్క కారణం మీద ఎవరికీ సత్ప్రసాదం నిరాకరించకూడదు. ఫోన్‌లో తీసి పెట్టుకోండి.

రాజమండ్రి_క్రిస్టీనా
"చెయ్యి మాత్రం పట్టలేదు" దగ్గర ఆగిపోయాను అక్కా. మా నాయనమ్మ కూడా ఇంతే. అమ్మగారికి నా వందనాలు చెప్పు.

విచారణ_సంఘం_మాజీ
ఫాదర్ గారి వైపు నుంచి కూడా ఒక మాట. నేను ఆరేళ్లు విచారణ సంఘంలో పనిచేశాను. ఆదివారం మా గుడిలో దాదాపు 900 మంది. గురువు ఒక్కరే. ఈ పూజ అయ్యాక ఇంకో రెండు ఊళ్ళకి వెళ్ళి పూజ చేయాలి. ఎవరైనా ఉన్నట్టుండి మోకరిస్తే వెనకాల పిల్లని ఎత్తుకున్న తల్లి తగిలి పడబోయింది, నా కళ్ళతో చూశాను. అగౌరవపరచాలని ఎవరూ అనుకోరు. మాట తీరు మాత్రం తప్పే, ఒప్పుకుంటాను. పెద్దావిడతో అలా అనకూడదు.

లూర్దు_అమ్మాయి
మాజీ గారూ, మా ఫాదర్ గారు మంచివారండి. మా నాన్న పోయేటప్పుడు రాత్రి రెండింటికి వాన పడుతుంటే బైక్ మీద వచ్చి అభ్యంగనం (జబ్బుగా ఉన్నవాళ్ళకి నూనె పూసి చేసే ప్రార్థన) ఇచ్చారు. అమ్మ అది ఎప్పటికీ మర్చిపోదు. అందుకే ఈ మాట ఎక్కువ తగిలింది.

డాలస్_జోజప్ప
ఇది ఒక్క ఫాదర్ గారి సంగతి కాదు. అసలు ఎక్కడ మొదలైందో చూడాలి. రెండవ వాటికన్ మహాసభ చేతిలో సత్ప్రసాదం గురించి ఏ పత్రంలోనూ అడగలేదు. ప్రపంచ బిషప్పులంతా కూడిన ఆ మహాసభ 1965లో ముగిసింది. యూరప్‌లో కొన్ని దేశాల్లో అనుమతి లేకుండానే చేతిలో ఇవ్వడం మొదలైతే, పోపు ఆరవ పౌలు గారు ప్రపంచంలోని లాటిన్ పీఠాధిపతులందరినీ (బిషప్పులను) అడిగారు. చేతిలో ఇవ్వడానికి ఒప్పుకున్నవారు 567 మంది, వద్దన్నవారు 1,233 మంది. మరో 315 మంది షరతులతో సరేనన్నారు. 1969 మే 29న మెమొరియాలె దోమిని అనే పత్రం వచ్చింది. నాలుక మీద ఇచ్చే పద్ధతినే నిలబెట్టాలని అందులో ఉంది. అయితే అప్పటికే చేతిలో ఇవ్వడం అలవాటైపోయిన చోట, ఆ దేశపు పీఠాధిపతుల సమాఖ్య మూడింట రెండు వంతుల ఓటుతో కోరితే రోము అనుమతి ఇవ్వొచ్చు అన్నారు. అంటే మామూలు పద్ధతి నాలుక, మినహాయింపు చెయ్యి. ఈరోజు మినహాయింపే మామూలైపోయింది. మామూలు పద్ధతిలో తీసుకోవాలనుకున్న అమ్మ సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది. నాకు మండేది ఇక్కడే.

సెమినరీ_వదిలినోడు
జోజప్ప అన్న చెప్పిన ఓట్ల లెక్క నిజమే. కానీ కథ 1969లో మొదలు కాలేదు. నాలుగో శతాబ్దంలో యెరూషలేము పీఠాధిపతి పునీత సిరిల్ వారు కొత్తగా జ్ఞానస్నానం పొందినవారికి చేసిన ఉపదేశంలో, ఎడమ చేతిని కుడి చేతికి సింహాసనంలా పట్టండి, రాజు వస్తున్నారు కదా అని చెబుతారు. మొదటి శతాబ్దాల్లో చాలా చోట్ల చేతిలోనే తీసుకున్నారు. నాలుక పద్ధతి తర్వాత మెల్లగా స్థిరపడింది. కాబట్టి చేతిలో తీసుకునేవాళ్ళు భక్తి లేనివాళ్ళు అనే మాట వద్దు. మా అక్క చేతిలోనే తీసుకుంటుంది, ఆవిడ చెయ్యి వణకడం నేను చూశాను.

ఇంకో సంగతి. సిరిల్ వారు అదే ఉపదేశంలో ఆ దివ్యశరీరాన్ని కళ్ళకి తాకించుకుని పవిత్రం చేసుకోమంటారు. మనం కళ్ళకద్దుకుంటామే, అదే. మొదటిసారి చదివినప్పుడు మా ఊరి గుడిలోనే ఉన్నట్టనిపించింది.

డాలస్_జోజప్ప
తమ్ముడూ, అదే పేరాలో తర్వాతి మాట కూడా చదువు. ఒక్క రవ్వ కూడా పోనివ్వకండి, ఎవరైనా మీకు బంగారు పొడి ఇస్తే ఎంత జాగ్రత్తగా పట్టుకుంటారు, దీన్ని అంతకంటే ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవద్దా అంటారు. ఈరోజు చేతిలో తీసుకున్నాక అరచెయ్యి చూసుకునేవాళ్ళు ఎంతమంది? చేతిలో తీసుకోవడం పాపమని నేను అనను, శ్రీసభ అనుమతించింది. సిరిల్ వారి చెయ్యి తెచ్చుకుని ఆయన భయభక్తులు వదిలేశాం, నా బాధ అది.

సెమినరీ_వదిలినోడు
దానికి ఒప్పుకుంటాను అన్నా. పూర్తిగా.

పీఠబాలకుడు_98
బంగారు పొడి అనగానే రాయాలనిపించింది. నేను తొమ్మిదేళ్లప్పుడు పీఠబాలకుణ్ణి, అంటే పూజలో ఫాదర్ గారికి సాయం చేసే కుర్రాణ్ణి. నా పని సత్ప్రసాదం ఇచ్చేటప్పుడు పళ్లెం పట్టడం. ఒక్కొక్కరి గడ్డం కింద పెట్టి, ఫాదర్ గారితో పాటు అడుగులో అడుగేస్తూ పక్కకి నడవాలి. ఒక పండగ రోజు జనం ఎక్కువ, నాకు నిద్రమత్తు. పళ్లెం వంచేశాను. ఏదో చిన్న తునక నేల మీద పడింది. అప్పటి మా స్వాముల వారికి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఆయన ఆగిపోయారు. పాత్రని పీఠం మీద పెట్టి వచ్చి, నేల మీద మోకాళ్ళూ చేతులూ ఆనించి వెతికారు. గుడంతా నిశ్శబ్దం. దొరికింది, ఆయనే భుజించారు. పూజ అయ్యాక ఆ చోట నీళ్ళు పోసి, తెల్ల గుడ్డతో తుడిచి, ఆ నీళ్ళు తీసుకెళ్ళి పూలమొక్కల మొదట్లో పోశారు. నన్ను ఒక్క మాట అనలేదు.

సత్యోపదేశం తరగతిలో సిస్టర్ గారు "అప్పం రూపంలో యేసు నిజంగా ఉన్నారు" అని వందసార్లు చెప్పారు, నేను వందసార్లు అప్పజెప్పాను. నమ్మింది మాత్రం ఆ రోజు. ముసలాయన నేల మీద అలా పాకుతుంటే ఇక అనుమానం ఎక్కడుంటుంది?

ఆ పళ్లెం ఇప్పుడు మా గుడిలో కనిపించదు.

ఉపదేశి_మనవడు
తమ్ముడూ, పళ్లెం కూడా రద్దు కాలేదు. నేను చెప్పిన పత్రంలోనే 93వ పేరా: అప్పం గానీ తునక గానీ పడిపోకుండా పళ్లెం వాడటం కొనసాగించాలి.

ఈ ఆచారాల వెనక ఉన్న సిద్ధాంతం కూడా చెప్పుకుందాం, లేకపోతే ఇదంతా అలవాట్ల గొడవలా కనిపిస్తుంది. ట్రెంట్ మహాసభ 1551 అక్టోబరులో చెప్పింది ఇది. పూజలో అప్ప ద్రాక్షారసాల లోపలి సారం మొత్తం క్రీస్తు శరీర రక్తాలుగా మారిపోతుంది. రంగు, రుచి, వాసన మాత్రం పాతవే. అప్పాన్ని తుంచితే ప్రతి తునకలోనూ క్రీస్తు సంపూర్ణంగా ఉంటారు, ముక్కలవరు. దీన్ని రెండవ వాటికన్ మహాసభ మార్చలేదు, ఆ తర్వాత వచ్చిన ఏ పోపు గారూ మార్చలేదు. మారింది ఇచ్చే పద్ధతే. పద్ధతిని శ్రీసభ మార్చగలదు, సిద్ధాంతాన్ని మార్చలేదు. కానీ మన జనం సిద్ధాంతాన్ని పుస్తకంలో నేర్చుకోలేదు, పద్ధతిలోనే నేర్చుకున్నారు. పీఠబాలకుడు తమ్ముడు చెప్పింది అదే.

చివరి_వరుస
అందరూ పాత రోజుల గురించి చాలా అందంగా రాస్తున్నారు. నాదీ ఒకటి వినండి.

మా తాత కథోలికుడు, ఆయన తండ్రీ కథోలికుడే. మా ఊరి గుడిలో పీఠం ముందు చెక్క కమ్మీ ఉండేది, అందరూ వరసగా మోకరించి నాలుక మీదే తీసుకునేవారు. పూజ లాటిన్‌లోనే. కానీ ముందు పెద్ద కులాల వాళ్ళు మోకరించాలి. వాళ్ళు లేచి వెళ్ళాక మా వాళ్ళు. మా తాత బతికినంత కాలం చివరి వరుసే. చనిపోయాక సమాధుల దొడ్డిలో కూడా మధ్యలో గోడ. ఇంత భక్తి, ఇంత సిద్ధాంతం ఉండగానే అది జరిగింది. 2016లో భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్యే దళిత సాధికారత విధాన పత్రంలో శ్రీసభ లోపల అంటరానితనం ఉందని ఒప్పుకుంది. లైన్‌లో నిలబడి చెయ్యి చాపడం మొదలయ్యాక మాకు మొదటిసారి ఎవరి ముందు ఎవరన్న లెక్క పోయింది. అందుకని "పాత పద్ధతి" అనగానే మీకు వచ్చే కన్నీళ్ళు నాకు రావు. లూర్దు అక్కా, అమ్మగారి మీద నాకు ఏ కోపమూ లేదు, ఆమెకి జరిగింది అన్యాయమే.

రాజమండ్రి_క్రిస్టీనా
అన్నా, మా పక్క ఊళ్ళో ఆ గోడ నేను చూశాను. పెద్దయ్యాక గానీ అది ఎందుకో అర్థం కాలేదు.

సెమినరీ_వదిలినోడు
చివరి_వరుస అన్నా, మీరు రాయకపోతే ఈ చర్చ సగమే అయ్యేది.

అయోగ్యంగా ఈ అప్పాన్ని భుజించేవాడు తన మీదికి తీర్పు తెచ్చుకుంటాడు అని పౌలు గారి మాటని మనం పాపసంకీర్తనం చేయకుండా వెళ్ళేవాళ్ళకి చెబుతాం. కానీ కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయం మొత్తం చదవండి. ఆయన ఆ మాట అన్న సందర్భమే ఇది. కొరింతులో డబ్బున్నవాళ్ళు ముందే తినేసేవారు, లేనివాళ్ళు ఆకలితో ఉండేవారు, పేదవాళ్ళని సిగ్గుపరిచారు. దాని మీద ఆయనకి వచ్చిన కోపం అది. వరుసలు పెట్టి మోకరించినవాళ్ళకి ఆ వాక్యం సూటిగా తగులుతుంది.

డాలస్_జోజప్ప
నేను దీనికి సమాధానం చెప్పబోవడం లేదు, ఒప్పుకుంటున్నాను. మా నాయన ముందు వరుసలో మోకరించినవాడే. చిన్నప్పుడు నాకది మామూలుగా అనిపించింది. ప్రతి తునకలో క్రీస్తు సంపూర్ణంగా ఉంటారని నమ్ముతూ, ముందు ఎవరు వెనక ఎవరు అని చూశామంటే, నమ్మినదానికే ద్రోహం చేశాం. ఇక్కడ డాలస్ పక్కన ఇర్వింగ్‌లో నేను వెళ్ళే లాటిన్ పూజలో కమ్మీ దగ్గర మెక్సికో కూలీ, వియత్నాం డాక్టరు, నైజీరియా నర్సు భుజం భుజం ఆనించి మోకరిస్తారు. నా మనసులో ఉన్న కమ్మీ అది. మీ తాతగారి కమ్మీ నేను చూడలేదు, చూడాల్సింది.

చివరి_వరుస
ఈ మాట అన్నందుకు థాంక్స్ అన్నా. 2022 ఆగస్టులో పూల అంతోని గారు కార్డినల్ అయిన రోజు మా అమ్మ టీవీ ముందు కూర్చుని ఏడ్చింది. మొదటి తెలుగు కార్డినల్, మొదటి దళిత కార్డినల్. తాత ఉంటే చూసేవాడు అంది.

మొదటి_శుక్రవారం
లాటిన్ పూజ టాపిక్ వచ్చింది కాబట్టి అడుగుతున్నా. అది ఇప్పుడు నిషేధమా? ఒకరు నిషేధం అంటారు, ఒకరు అదే అసలైన పూజ, తెలుగు పూజ చెల్లదు అంటారు. యూట్యూబ్‌లో చూస్తే టెన్షన్ వస్తోంది.

ఉపదేశి_మనవడు
రెండూ తప్పే. తెలుగు పూజ చెల్లదు అనేవాళ్ళ మాట అసలు వినకండి. 1969లో ఆరవ పౌలు గారు ఆమోదించిన పూజాక్రమం శ్రీసభ పూజాక్రమం, అందులో అదే బలి, అదే క్రీస్తు. పాత క్రమం అంటే 1570లో ఐదవ పియూస్ గారు స్థిరపరచింది, చివరి ముద్రణ 1962ది. 2007 జులైలో పదహారవ బెనెడిక్ట్ గారు ఆ పాత క్రమాన్ని ఏ గురువైనా వాడుకునేలా దారి విశాలం చేశారు. 2021 జులై 16న ఫ్రాన్సిస్ గారు ఆ దారిని చాలా ఇరుకు చేశారు. ఇప్పుడు పీఠాధిపతి అనుమతి కావాలి, విచారణ గుడిలో అయితే రోము అనుమతి కూడా కావాలి. పూర్తి నిషేధం కాదు.

డాలస్_జోజప్ప
ఉపదేశి మనవడు సరిగ్గా చెప్పారు. నేను పాత పూజకి వెళ్తాను, అదంటే ప్రాణం. ఇండియా వచ్చినప్పుడు మా ఊళ్ళో తెలుగు పూజకి వెళ్తాను, అక్కడా అదే బలి. కానీ ఫ్రాన్సిస్ గారి నిర్ణయం వల్ల అమెరికాలో ఎన్నో విచారణల్లో పాత పూజ ఆగిపోయింది, కుటుంబాలు గంటలు గంటలు కారులో వెళ్తున్నాయి. ఆ బాధ బాధే. పోపు గారికి విధేయుడిగా ఉంటూనే బాధ చెప్పుకోవచ్చు.

విచారణ_సంఘం_మాజీ
బాధ చెప్పుకోండి, తప్పులేదు. కానీ ఈ మధ్య మన కుర్రాళ్ళు కొందరు అమెరికా వీడియోలు చూసి వచ్చి, ఇక్కడ నలభై ఏళ్లుగా సేవ చేస్తున్న ఫాదర్లని "మోడర్నిస్ట్" (పాత విశ్వాసాన్ని మార్చేసేవాడు) అంటున్నారు. ఆ ఫాదర్ ఎండలో ఊళ్ళు తిరిగి బడులు కట్టించాడు. అది నాకు మింగుడు పడదు.

అసలు సంప్రదాయం అంటే ఏది? మోకరించడం, లాటిన్ మనకి యూరప్ నుంచి వచ్చినవి. 1969 ఏప్రిల్ 25న రోము మన దేశానికి పన్నెండు అంశాల అనుమతి ఇచ్చింది. చెప్పులు బయట విడవడం, కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, మోకాలు వంచే బదులు చేతులు జోడించడం, పంచాంగ ప్రణామం, కొవ్వొత్తి బదులు నూనె దీపం, ముద్దు పెట్టే బదులు తాకి కళ్ళకద్దుకోవడం. మన సంప్రదాయం ఇది కదా?

రాజమండ్రి_క్రిస్టీనా
అంకుల్, మా నాయనమ్మకి యూరప్ ఎక్కడుందో తెలియదు. చెప్పులు బయట విడిచేది, కొంగు తల మీద కప్పుకునేది, గుడిలో కింద కూర్చునేది, సత్ప్రసాదానికి మోకరించేది. ఇది ఇక్కడిది, అది అక్కడిది అని ఆమెకి ఎవరూ చెప్పలేదు. నాలుగూ ఆమెవే. మోకరించడం ఆమె దగ్గర నుంచి తీసేసి "ఇది మీది కాదు" అనే హక్కు ఎవరికుంది?

సెమినరీ_వదిలినోడు
క్రిస్టీనా మాటకి నా ఓటు. పంచాంగ ప్రణామం అంటే మోకాళ్ళు, చేతులు, నుదురు నేలకి ఆనించడం. అది మోకరించడం కంటే ఇంకా కిందికి వంగడమే. ఆ పన్నెండు అంశాలు రాసినవాళ్ళు భక్తిని తగ్గించమనలేదు. మనం అందులో కూర్చోవడం తీసుకున్నాం, సాగిలపడటం వదిలేశాం.

ఉపదేశి_మనవడు
లాటిన్ మన జనానిది కాదు అన్న మాటకి మా తాత సమాధానం. ఆయన ఐదో తరగతి చదివారు. ఉపదేశిగా (పల్లెల్లో మతబోధ చేసేవారు) పదకొండు పల్లెలు కాలినడకన తిరిగారు. ఆయన దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది, లాటిన్ పాటలు తెలుగు లిపిలో రాసుకున్నారు. ఆరాధన చివర పాడే పాట ఇలా ఉంది: "తాంతుమ్ ఎర్గో సాక్రమెంతుమ్, వెనెరేముర్ చెర్నుయీ". పక్కన తెలుగులో అర్థం: "ఇంత గొప్ప దివ్యసంస్కారాన్ని సాగిలపడి ఆరాధిద్దాం". 1264లో పోపు నాలుగవ ఉర్బన్ గారు సత్ప్రసాద మహోత్సవాన్ని శ్రీసభ అంతటికీ పెట్టినప్పుడు పునీత థామస్ అక్వినాస్ వారు రాసిన గీతం అది. తర్వాత ఒక పాదం ఉంది, ఇంద్రియాలకి అందని చోట విశ్వాసం పూరించాలి అని. దాని కింద తాత గీత గీసి పెట్టారు. పల్లెలో పశువులు కాసుకునే పిల్లలకి ఆయన ఆ పాట నేర్పారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ పాడతారు.

రెండవ వాటికన్ మహాసభ కూడా 1963లో ఇచ్చిన ఆరాధనా పత్రంలో లాటిన్ వాడకాన్ని కాపాడాలనే చెప్పింది. మాతృభాషకీ తలుపు తీసింది. రెండూ ఒకే పేరాలో ఉన్నాయి, 36వది.

పీఠబాలకుడు_98
ఆ నోటుపుస్తకం ఫొటో తీసి దాచండి సార్. కాగితం పెళుసైపోతుంది.

శౌరయ్య_బెజవాడ
ఉపవాసం సంగతి ఎవరూ ఎత్తలేదు. మా అమ్మమ్మ అర్ధరాత్రి నుంచి నీళ్ళు కూడా ముట్టేది కాదు. 1953లో పన్నెండవ పియూస్ గారు నీళ్ళకి సడలింపు ఇచ్చారు, 1957లో ఉపవాసం మూడు గంటలు చేశారు, 1964లో ఆరవ పౌలు గారు ఒక్క గంట చేశారు. అమ్మమ్మకి ఇవేవీ తెలియవు, తెలిసినా మారేది కాదు. నేను పూజకి పదిహేను నిమిషాల ముందు టీ తాగి వెళ్తున్నానని ఈ చర్చ చదువుతుంటే గుర్తొచ్చింది. మానేస్తాను.

లూర్దు_అమ్మాయి
శౌరయ్య గారూ, మా అమ్మకి షుగర్. అయినా ఏమీ తినకుండా వెళ్తుంది. అదొక గొడవ మాకు.

శౌరయ్య_బెజవాడ
అయ్యో, అది వద్దమ్మా. వృద్ధులకి, జబ్బుగా ఉన్నవాళ్ళకి, వాళ్ళని చూసుకునేవాళ్ళకి ఆ గంట ఉపవాసం కూడా లేదు, శ్రీసభ చట్టంలోనే ఉంది, 919వ నియమం. మాత్ర వేసుకుని ఏదైనా తిని రమ్మనండి. శ్రీసభే చెప్పిందంటే అమ్మగారు వింటారు.

మొదటి_శుక్రవారం
నా సంగతి కొంచెం చెప్తాను. నాకు 23. ఇంటర్‌లో ఉండగా మా కజిన్స్‌తో పాటు ప్రార్థన కూడికలకి వెళ్ళేవాణ్ణి. పాటలు బావుండేవి, డ్రమ్స్, పెద్ద స్క్రీన్. "మీ ఆర్‌సీఎం (రోమన్ కథోలిక) వాళ్ళు విగ్రహాలకి మొక్కుతారు, మరియమ్మని ఆరాధిస్తారు" అనేవాళ్ళు, నా దగ్గర సమాధానం ఉండేది కాదు. రెండేళ్లు మన గుడికి వెళ్ళలేదు. మా ఫాదర్ గారు నన్ను వెనక్కి రప్పించడానికి గిటార్ కొన్నారు, యువత పూజ పెట్టారు. మంచి మనసుతోనే చేశారు, కానీ గిటార్ అక్కడ కూడా ఉంది కదా, అదీ బాగా వాయించేవాళ్ళతో.

నన్ను వెనక్కి తెచ్చింది ఒక నెల మొదటి శుక్రవారం. వాన వస్తే తలదాచుకోవడానికి గుడిలోకి వెళ్ళాను. దివ్యసత్ప్రసాద ఆరాధన జరుగుతోంది. పదిమంది ముసలివాళ్ళు, ఎవరూ మాట్లాడటం లేదు. సాంబ్రాణి వాసన. గంట సేపు ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. ఇలాంటి నిశ్శబ్దం నేను ఎక్కడా చూడలేదు. ఆ తర్వాత తొమ్మిది మొదటి శుక్రవారాలు పూర్తి చేశాను, యేసు తిరుహృదయ భక్తి అంటే ఏంటో అప్పుడు తెలుసుకున్నాను. యువతకి పాతవి నచ్చవని పెద్దవాళ్ళే అనుకుంటారు. మమ్మల్ని అడగరు.

గుణదల_కొండ
ఫిబ్రవరి 9, 10, 11 గుణదల తిరునాళ్ళకి రా తమ్ముడూ. కొండ ఎక్కేవాళ్ళలో సగం మంది నీ వయసు వాళ్ళే. జపమాల పట్టుకుని ఎక్కుతారు. హిందువులూ వస్తారు, కొబ్బరికాయ కొడతారు, తలనీలాలిస్తారు. మరియమ్మని మనం ఆరాధించం, గౌరవిస్తాం, ఆమె ప్రార్థన అడుగుతాం. "మా కొరకు ప్రార్థించండి" అని జపంలోనే ఉంది కదా. మీ కజిన్స్‌కి అంత చెప్తే చాలు.

ఉపదేశి_మనవడు
లూర్దు అమ్మాయి గారూ, ఫాదర్ గారితో ఎలా మాట్లాడాలి అని అడిగారు, దాన్ని మేమంతా మర్చిపోయాం. పూజ అయిన వెంటనే నలుగురిలో అడగకండి. వారం మధ్యలో సాయంత్రం వెళ్ళండి. ముందు నాన్నగారి రాత్రి గురించి చెప్పండి. ఆ తర్వాత అమ్మగారు చెయ్యి పట్టకుండా వెనక్కి వచ్చారని చెప్పండి, ఆయన గమనించి ఉండకపోవచ్చు. పేరా నంబర్లు చివర్లో, అవసరమైతేనే.

విచారణ_సంఘం_మాజీ
మంచి సలహా. ఇంకోటి, లైన్ సమస్యకి దారి కూడా మీరే తీసుకెళ్ళండి. మోకరించాలనుకునేవాళ్ళు మొదటి బెంచీలో కూర్చుంటే ఎవరికీ అడ్డం రాదు. సమస్య ఒక్కటే తీసుకెళ్తే ఏ ఫాదర్‌కైనా భారమే.

లూర్దు_అమ్మాయి
పది రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి.

గురువారం సాయంత్రం వెళ్ళాను. ఉపదేశి మనవడు గారు చెప్పినట్టే నాన్న సంగతితో మొదలుపెట్టాను. అమ్మ సత్ప్రసాదం తీసుకోలేదన్న సంగతి ఫాదర్ గారు నిజంగానే గమనించలేదు. "తీసుకోలేదా?" అని రెండుసార్లు అడిగారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నియమం తనకి తెలుసని, కరోనా నాటి అలవాటు తనకే పోలేదని చెప్పారు. మొదటి బెంచీ మాట ఎత్తితే వెంటనే సరే అన్నారు. పేరా నంబర్లు అవసరం రాలేదు. మర్నాడు అమ్మకి ఆయనే ఫోన్ చేశారు, ఏం మాట్లాడుకున్నారో అమ్మ చెప్పదు.

మొన్న ఆదివారం అమ్మ ఇడ్లీ తిని, మాత్ర వేసుకుని వచ్చింది. శౌరయ్య గారికి థాంక్స్. మొదటి బెంచీ ముందు మోకరించింది. ఫాదర్ గారు ముందు అమ్మ దగ్గరకే వచ్చారు. నాలుక మీద ఇచ్చారు. పక్కన పీఠబాలకుడు పళ్లెం పట్టుకున్నాడు, బీరువాలో అడుగున ఉంటే వెతికి తీశారట. అమ్మని చూసి ఇంకో ఐదుగురు లేచి వచ్చి పక్కన మోకరించారు. నేను చేతిలోనే తీసుకున్నాను. అరచెయ్యి చూసుకున్నాను.

విచారణ_సంఘం_మాజీ
ఆరుగురికీ కలిపి ఎంతసేపు పట్టింది?

లూర్దు_అమ్మాయి
ఒక నిమిషం కూడా కాదండి.

చివరి_వరుస
చాలా సంతోషం అక్కా. ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. ఆ మొదటి బెంచీలో మోకరించిన ఆరుగురు ఎవరు? అన్ని వాడల నుంచీ ఉన్నారా?

లూర్దు_అమ్మాయి
తప్పుగా అనుకోను అన్నా. నేను చూడలేదు, చూడాలని కూడా తట్టలేదు. అమ్మని అడిగాను. నలుగురు మా వీధి వాళ్ళే. ఒకావిడ గుడి ఊడ్చే ఆవిడ, ఆమె ఎప్పుడూ వెనక తలుపు దగ్గర కూర్చుంటుంది, అమ్మ చెయ్యి ఊపి పిలిస్తే వచ్చిందట. వచ్చే ఆదివారం అమ్మ నేను వెళ్ళి వెనక వాళ్ళని ముందే అడుగుతాం. ఫాదర్ గారికీ చెప్తాను.

పీఠబాలకుడు_98
అక్కా, ఆ పళ్లెం నల్లబడి ఉంటే చింతపండు పెట్టి తోమనివ్వొద్దు. లోపల బంగారు పూత ఉంటుంది, పోతుంది. గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి నూలు గుడ్డ చాలు. పూజ అయ్యాక ఫాదర్ గారు తునకలు పాత్రలోకి తుడిచాకే కడగాలి, ఆ కుర్రాడికి చెప్పండి.